మనిషి మొహం చూడకుండా కౌన్సెలర్ కావడానికి పది చిట్కాలు

ఇంటర్లో బైపీసీ, డిగ్రీలో బీకామ్, ఆ తర్వాత బ్యాంకు కోచింగ్, చివరికి సాఫ్ట్‌వేర్. ఇన్ని మలుపులు తిరిగాక ఓ రాత్రి పదకొండు గంటలకు రీల్స్ చూస్తుండగా చాలామందికి జ్ఞానోదయమవుతుంది: "అందరూ తమ కష్టాలు నాకే చెప్పుకుంటారు. నేను బాగా వింటాను. కౌన్సెలర్‌నైపోతే పోలా?" అయిపోవచ్చు. మన దగ్గర కష్టాలకేం కొదవ? కాకపోతే ఏ కోర్సులో చేరాలి, ఇంట్లో కూర్చుని చదవాలా, కాలేజీకి వెళ్లి చదవాలా అన్న దగ్గర జనం అనవసరంగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు. వాళ్ల కోసమే ఈ చిట్కాలు. వీటిని తు.చ. తప్పకుండా పాటించినవాళ్లెవరూ ఇంతవరకు నా మీద ఫిర్యాదు చేయలేదు. వాళ్ల దగ్గరికి వెళ్లినవాళ్ల సంగతి మాత్రం నేను ఆరా తీయలేదు.

1. మొదట ఫోన్ చేసినవాళ్లే మీ గురువులు

ఏదో ఒక ప్రకటన కింద మీ నంబరు ఇవ్వండి చాలు. కాఫీ చల్లారేలోపు ఫోన్ మోగుతుంది. మాట్లాడే అమ్మాయి హోదా 'అడ్మిషన్ కౌన్సెలర్'. సంభాషణ దాదాపు ఇలా సాగుతుంది:

"సైకాలజీలో చేరతారా సార్, కౌన్సెలింగ్‌లోనా?"

"రెండింటికీ తేడా ఏమిటమ్మా?"

"ఫీజు సేమ్ సార్."

ఇంత సూటి జవాబు ఏ ప్రొఫెసరు ఇవ్వగలడు? పొరపాటున మీరు "ప్రాక్టికల్స్ ఎక్కడ చేయిస్తారు? దగ్గరుండి ఎవరు చూస్తారు?" అని అడిగారనుకోండి, అటు నుంచి కాసేపు కీబోర్డు చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాత, "అన్నీ పోర్టల్‌లోనే ఉంటాయి సార్. ఇవాళ కట్టేస్తే ఇరవై శాతం స్కాలర్‌షిప్" అంటుంది. ఇక సాగదీయకుండా కట్టేయండి. ఇవాళ అర్ధరాత్రితో ముగిసే ఆ స్కాలర్‌షిప్ రేపు పొద్దున్నే మళ్లీ మొదలవుతుందని తెలిసినా తెలియనట్టే ఉండాలి. ఎదుటివాళ్ల మాటను ప్రశ్నించకుండా నమ్మడం మంచి శ్రోత లక్షణం కదా!

2. ఆన్‌లైనా, క్యాంపసా? ట్రాఫిక్ పోలీసుల్ని అడగండి

దీనికి ఒక్కటే కొలబద్ద. సాయంత్రం ఆరింటికి మీ ఇంటి నుంచి యూనివర్సిటీకి ఎంతసేపు పడుతుంది? మీరుండేది మియాపూర్, యూనివర్సిటీ ఉస్మానియా అయితే ఆన్‌లైన్. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటూ ఆంధ్రా యూనివర్సిటీ అయితే క్యాంపస్. ఎస్వీ యూనివర్సిటీ గేటు ఎదురుగా అద్దెకుంటే ఇంకా మంచిది, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి పడుకోవచ్చు. చదువు నాణ్యత కిలోమీటర్లను బట్టి ఉంటుందన్నది అందరూ ఒప్పుకునే సత్యమే.

ఇందులో ఈ మధ్యే ఒక చిక్కు వచ్చి పడింది. మనుషుల ఆరోగ్యంతో ముడిపడిన చదువులు తెర మీద నేర్పేవి కావన్న ఆలోచనతో, 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీతో సహా అలైడ్ హెల్త్‌కేర్ చట్టం (దాని కథ మూడో చిట్కాలో) పరిధిలోని కోర్సుల్లో ఎవరినీ దూరవిద్య ద్వారా గానీ ఆన్‌లైన్‌లో గానీ కొత్తగా చేర్చుకోవద్దని యూజీసీ యూనివర్సిటీలకు చెప్పేసింది. క్లినికల్ న్యూట్రిషన్, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వంటివీ అదే గాటన కట్టింది.

కంగారు పడకండి. యూజీసీ ఆపగలిగింది డిగ్రీలనే. 'మైండ్ వెల్‌నెస్', 'ఎమోషనల్ హీలింగ్', 'లైఫ్ ట్రాన్స్‌ఫర్మేషన్' పేర్లతో ఆరు వారాల్లో 'మాస్టర్ ప్రాక్టీషనర్'ను చేసే సర్టిఫికెట్లు ఎన్ని లేవు! డిగ్రీయే కావాలంటే మీ పేటలో జిరాక్స్ షాపు పైగదిలో నడిచే 'స్టడీ సెంటర్' ఉండనే ఉంది. దూరవిద్యను ఫ్రాంచైజీలకు అప్పగించకూడదని యూజీసీ నిబంధన. అయితేనేం? నిబంధన ఢిల్లీలో ఉంది, సెంటరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది, ఆ రెండూ ఎప్పుడు ఎదురుపడాలి?

యూజీసీ దూరవిద్యా బ్యూరో పోర్టల్‌లో యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, విద్యాసంవత్సరం మూడూ సరిచూసుకోవాలని కొందరు చాదస్తులు చెబుతారు. యూజీసీ నకిలీ యూనివర్సిటీల జాబితా వేస్తుందని, అందులో గుంటూరు, విశాఖ చిరునామాలున్న పేర్లు కూడా కనిపించాయని భయపెడతారు. వెతకడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు మనకెక్కడివి?

3. పొడి అక్షరాలకు బెదరకండి

ఆర్‌సీఐ అని ఒకటుంది. భారత పునరావాస మండలి. 1992 నాటి చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఈ మండలి గుర్తించిన కోర్సు చదివి, దాని కేంద్ర రిజిస్టర్‌లో పేరెక్కించుకోవాలి. ఇన్నాళ్లూ ఆ కోర్సంటే ప్రధానంగా రెండేళ్ల ఎంఫిల్. కొత్త జాతీయ విద్యా విధానం వచ్చి మిగతా ఎంఫిల్‌లు దాదాపు అన్నీ పోయినా క్లినికల్ సైకాలజీకి యూజీసీ 2025-26 దాకా గడువు పొడిగించింది. ఈ మండలి లెక్కలో ఎమ్మే సైకాలజీ పట్టా ఒక్కటే చాలదు.

రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీరు వెయ్యి రూపాయల మాట దగ్గరే ఆగి చదవండి. ఒక్క సెషన్ ఫీజుతో తీరిపోయేదే. జైలు మాట వాక్యంలో ముందే ఉన్నా కళ్లు వాటంతటవే దాటేస్తాయి.

ఇక ఉత్త 'కౌన్సెలర్' అన్న బోర్డుకు చాలాకాలం ఏ కాపలా లేదు. 2021లో అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చి, ఆర్‌సీఐ పరిధిలో లేని సైకాలజిస్టుల్ని, పలు రకాల కౌన్సెలర్లని 'బిహేవియరల్ హెల్త్' అనే ఒక గూటికి చేర్చింది. రాష్ట్రానికో కౌన్సిల్, దానికో రిజిస్టర్ ఉండాలంది. ఈ చట్టం లెక్కలో హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల చదువున్న డిగ్రీ కావాలి. మీరు చేరబోయే కోర్సు ఈ చట్టాల్లో దేని కిందికి వస్తుందో, రేపు రిజిస్టర్ తలుపు తెరిస్తే మీ పట్టాకు లోపల చోటుంటుందో లేదో ఇప్పుడే కనుక్కుంటే మనసు పాడవుతుంది. పట్టా చేతికొచ్చాక కనుక్కోండి. అప్పటికి ఎలాగూ పాడయ్యే ఉంటుంది.

4. క్యాంపస్‌లోనే చేరతానంటే ఆడిటోరియం చూసి చేరండి

కొందరికి ఆన్‌లైన్ అంటే నమ్మకం కుదరదు. "గోడలుండాలండీ" అంటారు. అలాంటివాళ్లు గోడల్నే చూసి చేరాలి. ఆడిటోరియంలో ఎన్ని సీట్లు, క్యాంటీన్‌లో దోసె ఎంత, హోర్డింగ్ మీద నవ్వుతున్న విద్యార్థులెందరు, ఇవి లెక్కపెట్టండి.

అడగకూడనివి కొన్నున్నాయి. డిపార్ట్‌మెంట్లో శాశ్వత అధ్యాపకులెందరు, గంటకింత అని వచ్చి పోయేవాళ్లెందరు? వాళ్లలో ఈ వారం ఒక్క క్లయింటుతోనైనా కూర్చున్నవారెవరు? బయటి జనం వచ్చి కూర్చునే కౌన్సెలింగ్ సెంటరు క్యాంపస్‌లో ఉందా, లేక తాళం వేసిన గదికి బోర్డు మాత్రమే ఉందా? ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రి లాంటి చోట్లకు విద్యార్థుల్ని పంపుతారా? పంపితే వారానికి రెండు రోజుల చొప్పున ఓ సెమిస్టరంతానా, లేక బస్సులో తీసుకెళ్లి గ్రూపు ఫోటో దిగి సాయంత్రానికి తీసుకొచ్చేస్తారా?

ఇవన్నీ అడిగితే ఒక ప్రమాదముంది. నోట్సు చెబితే రాసుకుని పరీక్షలో దించేసే క్యాంపస్ కోర్సుకూ, అదే నోట్సును పీడీఎఫ్‌గా పంపే ఆన్‌లైన్ కోర్సుకూ తేడా హాస్టల్ బిల్లొక్కటేనని తేలిపోవచ్చు.

5. ప్రాక్టికల్స్ ఎగ్గొట్టండి (ఇది అన్నిటికన్నా ముఖ్యం)

కౌన్సెలింగ్ చదువులో ఆసాంతం తప్పించుకోవలసింది ఒకటే: నిజమైన మనిషి ఎదురుగా కూర్చోవడం, ఆ కూర్చోవడాన్ని మరో అనుభవజ్ఞుడు దిద్దడం. ఇదెంత హింసో తెలియాలంటే ఒక నమూనా చూడండి.

జిల్లా ఆసుపత్రి ఓపీ వెనక చిన్న గది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు రక్తహీనత పోస్టరు. ఎమ్మే రెండో ఏడాది చదివే అమ్మాయి ఒక కుర్చీలో, నలభై దాటిన ఆవిడ రెండో కుర్చీలో. గుండెదడ, నిద్ర పట్టదు, ఈసీజీ బాగానే ఉంది, డాక్టరుగారు ఇటు పంపారు. కాసేపు బీపీ మాత్రల గురించి చెప్పి, "పోయిన సంక్రాంతికి మా పెద్దోడు..." అని ఆవిడ ఆగిపోయింది. అమ్మాయికి గొంతు తడారిపోయింది. "బాధపడకండమ్మా, కాలమే అన్నీ మాన్పుతుంది" అనేసింది. ఆవిడ తలూపింది. కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ బీపీ మాత్రల దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంతవరకు బాగానే ఉంది కదా? మర్యాదగా మాట్లాడింది, ఓదార్చింది. కానీ ఆ కోర్సులో జరిగిన మాటల్ని గుర్తున్నంతవరకు వరసగా రాసివ్వాలట. సూపర్‌వైజర్ మేడమ్ ఆ కాగితాలు చదివి ఒక వాక్యం కింద గీత గీసింది.

"ఆవిడ ఆగాక నువ్వు మాట్లాడ్డానికి ఎంతసేపు పట్టింది?"

"రెండు సెకన్లేమో మేడమ్."

"ఆ రెండు సెకన్లు ఓర్చుకోలేకపోయింది ఎవరు? ఆవిడా, నువ్వా?"

అమ్మాయి దగ్గర జవాబు లేదు. మరుసటి వారం ఆవిడ మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మాట దగ్గర ఆగింది. ఈసారి అమ్మాయి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, మొహం తిప్పుకోలేదు, వాచీ చూడలేదు. చాలాసేపటికి ఆవిడే మొదలుపెట్టింది. బైకు, లారీ, పోస్టుమార్టం గది బయట నిలబడ్డ మూడు గంటలు, అంత్యక్రియలైన మర్నాడే పొలం పనికి వెళ్లాల్సి రావడం. గుండెదడ ఎప్పుడు మొదలైందో చివర్లో ఆవిడే చెప్పింది.

చూశారా? ఇరవై మార్కుల రికార్డు కోసం ఒక ఆడపిల్లను ఇంతలా నిలదీయాలా? అదే ఇంట్లో వీడియో పాఠమైతే 'సమర్థమైన మౌనం' అనే స్లైడు వస్తుంది, అందులో ఐదు పాయింట్లుంటాయి, చివర్లో క్విజ్‌లో పదికి పది వస్తాయి. ప్లేబ్యాక్ వేగం రెండింతలు పెట్టుకుంటే మౌనం కూడా సగంలో ముగుస్తుంది.

ఈ పిచ్చి కొత్తదేం కాదు. అమెరికాలో కార్ల్ రోజర్స్ 1940ల మొదట్లోనే క్లయింట్లతో తన సంభాషణల్ని గ్రామఫోను పలకల మీద రికార్డు చేయించి, విద్యార్థులతో కలిసి వినేవాడు. 1942లో వేసిన పుస్తకంలో ఒక కేసు మొత్తాన్ని మాట పొల్లుపోకుండా అచ్చువేయించాడు. అంత పేరున్న మనిషికి తన మాటలు తనే మళ్లీ విని తప్పులు వెతుక్కోవాల్సిన ఖర్మేమిటి? ఎనభై ఏళ్లు దాటినా ఈ రంగంలో పెద్దలు ఆ దురలవాటు మానలేదు.

6. ఇంటర్న్‌షిప్ కాగితం సంపాదించండి, ఇంటర్న్‌షిప్ కాదు

ఏ కోర్సైనా చివర్లో 'ఇన్ని గంటలు క్షేత్రానుభవం' అని ఒక గడి పెడుతుంది. గడి నింపడానికి సంతకం, రబ్బరు స్టాంపు చాలు. తెలిసినవాళ్ల క్లినిక్‌లో రిసెప్షన్ దగ్గర నాలుగు రోజులు కూర్చుంటే వంద గంటలు రాసిచ్చే పుణ్యాత్ములున్నారు. మరీ మనస్సాక్షి పీకితే రెండొందల మంది ఉన్న జూమ్ మీటింగులో కెమెరా ఆపుకుని కూర్చోండి, దాన్ని 'కేస్ కాన్ఫరెన్స్' అని రాసుకోవచ్చు. రోల్ ప్లే చేయాల్సి వస్తే బావమరిదిని క్లయింటుగా పెట్టుకోండి. అతని సమస్య మీకు ముందే తెలుసు, పరిష్కారమూ తెలుసు, అతను వినడన్నదీ తెలుసు.

7. పట్టాల బరువు పెంచండి

ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చని 2022లో యూజీసీ అనుమతించింది. ఒకటి క్యాంపస్‌లో, ఒకటి ఆన్‌లైన్‌లో అయినా సరే. ఈ సదుపాయాన్ని పూర్తిగా వాడుకోండి. పైన హిప్నోథెరపీ, ఎన్‌ఎల్‌పీ, గ్రాఫాలజీ చేర్చండి. విజిటింగ్ కార్డులో పేరు తర్వాత ఎన్ని అక్షరాలుంటే అవతలివాడు అన్ని ప్రశ్నలు మింగేస్తాడు.

అయితే ఒక్క జాగ్రత్త. ఈ చదువుల మధ్య మీరే ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి కూర్చోవడం లాంటి పనులు చేయకండి. మంచి కోర్సుల్లో విద్యార్థుల్ని అలా వెళ్లమని ప్రోత్సహిస్తారు. తండ్రి మీద మీ కోపం, విడాకుల మీద మీ అభిప్రాయం, కులాంతర పెళ్లి మాట వింటే మీ మొహంలో వచ్చే మార్పు ఇవన్నీ అక్కడ బయటపడతాయి. వాటిని జాగ్రత్తగా దాచిపెట్టుకుంటే రేపు క్లయింటుకు సలహా ఇచ్చేటప్పుడు అక్కరకొస్తాయి.

8. అమెరికా పట్టా హైదరాబాద్‌లో కూర్చుని కొట్టేయండి

అక్కడ కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థల్లో పెద్దది కేక్రెప్, 1981లో పుట్టింది. దాని లెక్క ప్రకారం మాస్టర్స్‌కు 60 సెమిస్టర్ క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్, 600 గంటల ఇంటర్న్‌షిప్. ప్రాక్టికమ్‌లో 40, ఇంటర్న్‌షిప్‌లో 240 గంటలు అచ్చంగా క్లయింట్లతోనే గడపాలి. విడ్డూరమేమిటంటే ఆన్‌లైన్‌లో చదివినా క్యాంపస్‌లో చదివినా ఈ గంటల్లో ఒక్కటీ తగ్గదు. పాఠం ఇంట్లో వినవచ్చు గానీ మనిషి దగ్గర మాత్రం కూర్చుని తీరాలి. చాలా ఆన్‌లైన్ కోర్సుల్లో ఆ కూర్చునే చోటును విద్యార్థే వెతుక్కోవాలి. ఇవన్నీ అయ్యాక టెక్సస్‌లో లైసెన్సు పూర్తిగా చేతికి రావాలంటే సూపర్‌వైజర్ కింద ఇంకో 3,000 గంటలు పనిచేయాలి, అందులో సగం క్లయింట్లతో. ఏడాదిన్నర కన్నా ముందు అవదు.

ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో హెచ్4 వీసా మీద ఉండి ఇలాంటి కోర్సు చదవాలనుకునే మన ఆడపడుచులు ఫీజు కట్టకముందే ఈ లెక్కంతా వేసుకుంటారు, తమ రాష్ట్రం ఆ డిగ్రీని ఒప్పుకుంటుందో లేదో బోర్డును అడుగుతారు. అలాంటి పిరికితనం మనకొద్దు. ఎఫ్1 మీద వెళ్లేవాళ్లకు సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ క్లాసు మాత్రమే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుందన్న నియమమూ పట్టించుకోకండి. కూకట్‌పల్లిలో కూర్చుని ఓ అమెరికా ఆన్‌లైన్ పట్టా కొనుక్కుంటే దాంతో వీసా రాదు, అక్కడి లైసెన్సు రాదు, ఇక్కడి రిజిస్టర్‌లో చోటూ రాదు. కానీ బోర్డు మీద 'యూఎస్ సర్టిఫైడ్' అని రాసుకోవచ్చు. అంతకు మించి ఏం కావాలి?

9. భాష, నీతి: రెండూ ఆప్షనల్

కోర్సుల్లో చాలావరకు ఇంగ్లీషులోనే నడుస్తాయి. మీ దగ్గరికొచ్చే పెద్దమనిషి "నాకు యాంగ్జైటీగా ఉంది" అనడు. "ఒళ్లంతా సెగలు, అన్నం సయించదు, ఎవరో ఏదో చేయించినట్టున్నారు" అంటాడు. చేయించారని ఆయనకెందుకు అనిపిస్తోందో, ఎప్పటి నుంచి అనిపిస్తోందో తెలుగులో, ఆయన నొచ్చుకోకుండా అడగడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని కొందరంటారు. నాన్సెన్స్. ఇంగ్లీషు ప్రశ్నావళి చేతిలో పెట్టి ఒకటి నుంచి ఐదు దాకా టిక్ పెట్టమనండి.

నీతి పేపరు విషయానికొస్తే, అది ఉన్న కోర్సు వద్దు. క్లయింటు చెప్పినదాన్ని గోప్యంగా ఉంచాలి. మానసిక చికిత్స పొందేవారికి ఆ హక్కును 2017 నాటి చట్టమే ఇచ్చింది. అదే సమయంలో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. ఏది దాచాలి, ఏది చెప్పాలి అన్నది కేసుల వారీగా నూరిపోసే కోర్సులున్నాయి. అంత తలనొప్పి ఎందుకు? అవి చదవనివాళ్లలో చాలామంది దీన్ని తేలిగ్గా గుర్తుపెట్టుకుంటారు: వార్డెన్ అడిగితే చెప్పేయడం, పోలీసులు అడిగితే దాచేయడం.

10. ఉద్యోగం మీ కోసమే ఎదురుచూస్తోంది

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో తీర్పునిస్తూ దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరైనా ఉండాలంది. మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని జూనియర్ కాలేజీలున్నాయో, ఎన్ని కోచింగ్ సెంటర్లున్నాయో మీకు చెప్పక్కర్లేదు. తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికి ప్రతి ప్రిన్సిపాల్ గారికీ ఫైలులో ఒక పట్టా కావాలి. అది మీదే ఎందుకు కాకూడదు?

మీకు లైబ్రరీ పక్కన ఓ గదిస్తారు. ఒక మధ్యాహ్నం పదిహేడేళ్ల కుర్రాడు వచ్చి కుర్చీ అంచున కూర్చుంటాడు. వీక్లీ టెస్టులో ర్యాంకు పడిపోయిందంటాడు, నాన్న ఫోన్లో మాట్లాడ్డం మానేశాడంటాడు. "సార్, నాకు ఇక్కడ ఉండాలని లేదు" అంటాడు. ఇక్కడ అంటే హాస్టల్లోనా, ఈ లోకంలోనా అని ఆ క్షణంలో తడబడకుండా, అతని కళ్లలోకి చూస్తూ అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదని, అడగకపోవడమే ప్రమాదమని శిక్షణ ఉన్నవాళ్లకు తెలుసు. అడిగాక ఎవరికి ఫోన్ చేయాలో, అతన్ని ఆ రాత్రి ఒంటరిగా వదలకుండా ఎలా చూడాలో, 14416 టెలి మానస్ హెల్ప్‌లైన్‌కు ఎప్పుడు కలపాలో, ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్లాలో కూడా తెలుసు. అది పీడీఎఫ్‌లో చదివితే వచ్చేది కాదు. ఎవరో పక్కన కూర్చుని పదిసార్లు చేయించి, పదిసార్లు దిద్దితే వస్తుంది.

మీకెవరూ దిద్దలేదు. కాబట్టి మోటివేషన్ వీడియో ఒకటి చూపించి, భుజం తట్టి పంపేయండి. రిజిస్టర్‌లో 'కౌన్సెలింగ్ ఇవ్వబడింది' అని రాయడం మాత్రం మరిచిపోవద్దు.

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: నాకు ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. రోజూ క్యాంపస్‌కు వెళ్లడం కుదరదు. నాబోటివాళ్లకు దారే లేదా?

జవాబు: ఉంది గానీ అది కష్టం కాబట్టి నేను చెప్పను. పాఠాలు దూరం నుంచి, ప్రాక్టికల్స్ దగ్గరుండి చేయించే కోర్సులు కొన్నున్నాయి. టీచర్ల కోసం ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా అలాంటిదే, అందులో కొంతభాగం దూరవిద్య, కొంతభాగం ముఖాముఖి. అలాంటివాటికి వెళ్తే సెలవులు పెట్టాలి, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదలాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మే సైకాలజీ దూరవిద్యలో ఎప్పుడో పూర్తిచేశాడు. ఇప్పుడా పట్టా చెల్లదా?

జవాబు: గుర్తింపు ఉన్న యూనివర్సిటీ నుంచి, అనుమతి ఉన్న కాలంలో తీసుకున్న దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లోనే చెప్పింది. కాబట్టి పట్టా గురించి దిగులొద్దు. పట్టా ఉన్నంత మాత్రాన క్లయింటు ముందు కూర్చోవడం వచ్చేసిందా అని అబ్బాయిని మాత్రం అడగకండి. వస్తే సంతోషం, రాకపోతే ఎవరి దగ్గరైనా నేర్చుకోవడానికి బయల్దేరతాడు.

ప్రశ్న: మీ చిట్కాలన్నీ తిరగేసి పాటిస్తే ఏమవుతుంది?

జవాబు: అలా చేస్తే ఆన్‌లైనా క్యాంపసా అన్న ప్రశ్నే వెనక్కి పోతుంది. దాని బదులు ప్రతి కాలేజీనీ మూడు సంగతులు అడగాల్సి వస్తుంది. కోర్సు మొత్తంలో నేను నిజమైన క్లయింట్లతో ఎన్ని గంటలు కూర్చుంటాను? నా పనిని ఎవరు చూస్తారు, ఆ ఒక్కరు నాలాంటివాళ్లను ఎంతమందిని చూస్తున్నారు? పరీక్షలు పాసైనా, మనుషులతో పనికి నేను సిద్ధంగా లేనని మీకనిపిస్తే నన్ను ఆపుతారా? మూడోదానికి అవునని చెప్పే చోట సీట్లు తక్కువ, ఆఫర్లుండవు, అడ్మిషన్ కౌన్సెలర్ మళ్లీ మళ్లీ ఫోన్ చేయదు. అలాంటి చోటికి వెళ్లమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ప్రశ్న: రేపు మీ ఇంట్లోనే ఎవరికైనా కౌన్సెలర్ అవసరమైతే ఎవరి దగ్గరికి తీసుకెళ్తారు?

జవాబు: ఎక్కడ చదివారు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, ఏ రిజిస్టర్‌లో పేరుంది అని ముందే ఫోన్ చేసి కనుక్కుంటాను. అన్నీ సరిగ్గా ఉంటే సెషన్ ఆన్‌లైన్‌లో అయినా నాకు అభ్యంతరం లేదు.